916 అంటే పన్నెండింట పదకొండు

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో ఏ గాజు తిప్పి చూసినా, ఏ ఉంగరం లోపలివైపు చూసినా 22కె916 అన్న ముద్ర కనబడుతుంది. వెయ్యి పాళ్లలో 916 పాళ్లు మేలిమి అని దాని అర్థం, అంటే 0.916. ఈ దశాంశాన్ని భిన్నంగా మార్చమంటే ముగ్గురు మూడు జవాబులు చెబుతారు. బడిపిల్ల ఎక్కాలు గుర్తు తెచ్చుకుని 229/250 అంటుంది. నగ చేసే ఆచారి పన్నెండింట పదకొండు అంటాడు. పైథాన్ భాషలో ఆ సంఖ్యను నేరుగా ఫ్రాక్షన్ అన్న సాధనం చేతికిస్తే 8250594517342749/9007199254740992 అని తెర మీద పడుతుంది.

ముగ్గురూ తప్పు చెప్పలేదు. పిల్ల కాగితం మీద రాసిన అంకెల్ని చూసింది. కంప్యూటరు తన జ్ఞాపకంలో నిజంగా దాచుకున్న విలువను పైసా తేడా లేకుండా చెప్పింది. ఆచారికి మాత్రం ఆ 916 ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. మేలిమి 24 క్యారెట్లు, నగ 22 క్యారెట్లు. 24లో 22 అంటే 12లో 11. దాన్ని దశాంశంలోకి మారిస్తే 0.916666 అంటూ ఆరు మీద ఆరు పడుతూనే ఉంటుంది. ముద్రలో మూడంకెలకే చోటుంది గనుక మిగతావి తెగ్గొట్టారు. నాణ్యతకు 916 చాలు, చట్టం ఒప్పుకుంటుంది. కానీ ఆ మూడంకెల నుంచి వెనక్కి నడిచి పన్నెండింట పదకొండును పట్టుకోవాలంటే అంకెల్లో లేని సంగతి ఒకటి తెలిసి ఉండాలి.

కడప జిల్లాలో ఏటా వందల మంది ప్రోగ్రామింగ్ నేర్చుకుని బయటికొస్తున్నారు. పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల 2006 నుంచి నడుస్తోంది. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం వారి ఇంజినీరింగ్ కళాశాల ఉంది. వేంపల్లె దగ్గర ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉంది. సంఖ్య అనగానే, దశాంశాలను దాచే ఫ్లోట్ రకం అని రాసేయడం కుర్రాళ్లకు అలవాటు. ఆ అలవాటు బంగారు అంగడి బిల్లులోకి, భూమి రికార్డులోకి, ఆస్తి పంపకాల లెక్కలోకి ఎక్కినప్పుడు ఎవరి వాటా ఎక్కడ కరుగుతుందో చెప్పేవాళ్లు కనబడరు. వాటాలు భిన్నాలుగానే పుడతాయి. వాటిని భిన్నాలుగానే రాసి దాచాలి. దశాంశం చేసి పారేసి, అవసరం పడ్డాక భిన్నం ఏమిటో వెతుక్కోవడం తెలివైన పని కాదు.

ముందు యంత్రం సంగతి. కంప్యూటరు సంఖ్యల్ని రెండు ఆధారంగా దాస్తుంది. హారంలో రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ఇలా రెట్టింపవుతూ పోయే సంఖ్యలున్న భిన్నాలే దానికి కచ్చితంగా అందుతాయి. పదో వంతు అందదు. అందుకే 0.1 అని టైపు చేస్తే అది దాచుకునేది 3602879701896397/36028797018963968. ఇది పదో వంతు కంటే వెంట్రుకవాసి పెద్దది. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుందని కొత్తగా నేర్చుకునేవాళ్లు బెంబేలెత్తేది ఇందుకే. 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం ఒక్కో సంఖ్యకు 53 బిట్ల పదును దక్కుతుంది. ఆ ప్రమాణం వెనకున్న విలియం కాహన్‌కు 1989లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఆ ప్రమాణాన్ని లోపమున్న ఏర్పాటు అనుకోకూడదు. కొలతల కోసం ఇంతకన్నా మెరుగైన ఏర్పాటును ఇంతవరకు ఎవరూ ఇంత విస్తారంగా నిలబెట్టలేదు.

విచిత్రమేమంటే, మన తాతల లెక్కలు ఈ యంత్రానికి అచ్చంగా సరిపోయేవి. అర, పావు, పరక, వీసం అన్నీ రెండును రెట్టింపు చేసుకుంటూ పోయిన హారాలే. వీసం అంటే పదహారో వంతు, 0.0625. కంప్యూటరు దీన్ని ఇసుమంత తేడా లేకుండా దాచుకుంటుంది. పాత తెలుగులో భిన్నాలు రాయడానికి నాలుగు ఆధారంగా ప్రత్యేకమైన అంకెలే ఉండేవి. 2008లో వచ్చిన యూనికోడ్ 5.1లో ఆ గుర్తులు ఏడింటికి చోటు దొరికింది కూడా. రూపాయికి పదహారు అణాలున్నంత కాలం అణాల దాకా ఫ్లోట్‌కు చిక్కే లేదు. 1957 ఏప్రిల్ 1న రూపాయిని నూరు నయా పైసలు చేశాక అణా 6.25 పైసలైంది. పావు పైసా నాణెం లేదు కాబట్టి అణాకు ఆరు, రెండణాలకు పన్నెండు, మూడణాలకు పంతొమ్మిది అని పట్టికలు అచ్చువేయాల్సి వచ్చింది. ఒక్కో అణా చొప్పున మూడుసార్లు మార్చుకున్నవాడికి పద్దెనిమిది పైసలే దక్కేవి, మూడూ కలిపి మార్చుకున్నవాడికి పంతొమ్మిది. ఎక్కడ సవరిస్తామన్నదాన్ని బట్టి డబ్బు మారిపోతుందని జనం అప్పుడే అంగట్లో నేర్చుకున్నారు.

ఇక దశాంశం నుంచి భిన్నాన్ని పట్టే ఉపాయం. ఇది చాలా అందమైన లెక్క, పలకా బలపంతో చేసుకోవచ్చు. 0.916ను తిరగేయాలి, అంటే ఒకటిని దానితో భాగించాలి. 1.0917 వస్తుంది. అందులో పూర్ణాంకం 1 పక్కన రాసుకుని మిగిలిన 0.0917ను మళ్లీ తిరగేస్తే 10.9 వస్తుంది. 10 పక్కన రాసుకుని మిగిలినదాన్ని మళ్లీ తిరగేయాలి. ఇలా పోతే 1, 10, 1, 9, 2 అన్న వరస వచ్చి లెక్క ఆగిపోతుంది. ఈ వరసను కింది నుంచి మళ్లీ కూర్చుకుంటూ వస్తే ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో భిన్నం దొరుకుతుంది: 1, 10/11, 11/12, 109/119, చివరికి 229/250. ఆచారి చెప్పిన జవాబు మూడో మెట్టు మీద ఉంది, బడిపిల్ల జవాబు ఆఖరి మెట్టు మీద ఉంది.

ఈ వరుస భాగహారమే ఆర్యభటుడు 499లో చెప్పిన కుట్టకమనే గణిత పద్ధతికి మూలం. తెలుగువాళ్లకు భిన్నాలతో ఇంకా దగ్గరి చుట్టరికం ఉంది. తొమ్మిదో శతాబ్దిలో మహావీరాచార్యుడు రాసిన గణితసార సంగ్రహాన్ని పదకొండో శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మహావీరుడి మూలంలో భిన్నాలకు ఒక అధ్యాయమే ఉంది. వేర్వేరు వన్నెల బంగారాన్ని కలిపి కరిగిస్తే వచ్చే ముద్ద వన్నె ఎంత అన్న లెక్కలూ ఉన్నాయి. అక్కడ మేలిమికి పదహారు వన్నెలు. పదారువన్నె బంగారం అని ఇప్పటికీ అంటున్నది అదే. పదహారు వన్నెల లెక్కలో అయితే మన 22 క్యారెట్ల నగ పద్నాలుగు వన్నెల మీద ఇంకో మూడింట రెండు వంతులు. అంటే బంగారాన్ని ఏ హారంతో లెక్కపెడతామన్నది ఊరినీ కాలాన్నీ బట్టి మారింది. ఆ హారమే మనకు కావలసిన ఆనవాలు.

పైథాన్‌లో ఈ పని చేసే సాధనం 2008లో వచ్చిన 2.6 కూర్పు నుంచి ఉంది. ఫ్రాక్షన్ అనేది ఆ రకం పేరు, లిమిట్ డినామినేటర్ అనేది దానికున్న ఉపాయం. హారం ఇంతకు మించకూడదని హద్దు చెబితే, ఆ హద్దులోపల అన్నిటికంటే దగ్గరి భిన్నాన్ని అది తెచ్చిస్తుంది. హద్దు చెప్పకపోతే పది లక్షలని అదే అనుకుంటుంది. అప్పుడు 0.916కి 229/250 వస్తుంది. హద్దు 24 అని చెబితే 11/12 వస్తుంది. హాల్‌మార్క్ ముద్రలన్నిటినీ ఇలా పరీక్షించవచ్చు. 750 ఇస్తే 3/4, అంటే 18 క్యారెట్లు. 833 ఇస్తే 5/6, అంటే 20. 958 ఇస్తే 23/24. 585 ముద్ర ఇంకా తమాషాగా ఉంటుంది. 14ను 24తో భాగిస్తే 583.33 రావాలి, ప్రమాణం 585 అంటుంది. 22 దగ్గర కిందికి లాగిన చెయ్యి 14 దగ్గర పైకి నెట్టింది. అయినా 24 హద్దుతో అడిగితే 7/12 అనే చెబుతుంది, అంటే కచ్చితంగా 14 క్యారెట్లే. 995 ఇస్తే ఒకటి అంటుంది, మేలిమి అన్నమాట.

ఇందులో యంత్రం తెలివి కొంతే. ఆ 24ను చెప్పింది మనిషి. క్యారెట్లంటే ఇరవైనాలుగో వంతులన్న సంగతి తెలియని కుర్రాడు హద్దు వెయ్యి అని పెడితే 229/250 చూసి సరేననుకుంటాడు.

తేడా ఎంత అని ఎవరైనా అడగవచ్చు. ఇరవై గ్రాముల పాత గాజులు మార్చుకోవడానికి తెస్తే, పన్నెండింట పదకొండు చొప్పున 18.333 గ్రాముల మేలిమి, 0.916 చొప్పున 18.32 గ్రాములు. పదమూడు మిల్లీగ్రాములు. తరుగు, మజూరీ మీద జరిగే బేరం ముందు ఇది లెక్కలోకే రాదు. కిలో దగ్గర ఇది గ్రాములో మూడింట రెండు వంతులవుతుంది. పసిడిపురి అనీ, రెండో బొంబాయి అనీ పేరు పడ్డ ఊళ్లో రోజంతా చేతులు మారే బంగారం మీద అదెంతో అంగళ్లవాళ్లే వేసుకోగలరు. బంగారం విషయంలో అసలు కొలమానం గీటురాయి, ఇప్పుడైతే పరీక్ష యంత్రం. కాబట్టి తప్పు ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. భూమికి, ఆస్తికి ఆ గీటురాయి లేదు.

జమ్మలమడుగు పక్కన ఒక రైతు ఎకరంలో 33 సెంట్లు కొన్నాడనుకుందాం. పక్క చేనులో ఇంకొకరికి తండ్రి ఎకరంలో మూడో వంతు వచ్చిందనుకుందాం. ఇద్దరికీ 0.33 అనే రాసి పెడితే రెండు హక్కులూ ఒకేలా కనబడతాయి. మొదటిది నిజంగా నూటికి ముప్పైమూడు. రెండోది మూడో వంతు. హద్దు పది అని పెట్టి అడిగితే పైథాన్ ఇద్దరికీ 1/3 అంటుంది, నూరు అని పెడితే ఇద్దరికీ 33/100 అంటుంది. ఏ హద్దు పెట్టినా ఒకరి విషయంలో అది అబద్ధమే. రాసేటప్పుడు పారేసిన సమాచారాన్ని ఏ అల్గారిథమూ పుట్టించలేదు.

ముగ్గురు పిల్లలకు ఎకరాన్ని 33 సెంట్ల చొప్పున రాస్తే ఒక సెంటు ఎవరికీ చెందకుండా మిగులుతుంది. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు, 48.4 గజాలు. చేనిలో అది గట్టు కింద పోతుంది. ప్రొద్దుటూరు పట్టణంలో అయితే ఒక ఇల్లు లేస్తుంది. తర్వాతి తరంలో ఆ 33 సెంట్లను మళ్లీ నలుగురికి పంచితే 8.25 అవుతుంది, నిజంగా రావాల్సింది పన్నెండో వంతు, అంటే 8.333. ఒక తరం సవరణ మీద ఇంకో తరం సవరణ పేరుకుంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో మొదలైంది. డ్రోన్లు, రోవర్లు వచ్చాయి. కొలత మెరుగుపడితే మంచిదే. కానీ ఉమ్మడిగా ఉన్న చోట భూకమతానికి ఇచ్చే ఒకే ఎల్‌పీఎం నంబరు కింద ఇద్దరు ముగ్గురి పేర్లు చేరి రైతులు ఆఫీసుల చుట్టూ తిరిగారు. అక్కడ కావలసింది ఇంకా పదునైన రోవరు కాదు, ఎవరికి ఎన్నో వంతు అన్న మాట. విస్తీర్ణం మళ్లీ కొలిచినప్పుడల్లా కాస్త అటూ ఇటూ మారుతుంది, మూడో వంతు మారదు. రికార్డులో మూడో వంతు అని ఉంటే కొత్త విస్తీర్ణం వచ్చిన రోజున వాటాలు వాటంతటవే సరిపోతాయి. సెంట్లు మాత్రమే ఉంటే అన్నదమ్ముల మధ్య కొత్త తగాదా మొదలవుతుంది.

అన్నదమ్ములనే ఎందుకు? ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చే సవరణను ఆంధ్రప్రదేశ్ 1986లోనే చేసి, 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి తెచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. మూడు, ఆరు, ఏడు హారాలుగా ఉన్న వాటాలు ఇళ్లల్లో పెరిగాయి. ఈ మూడింటిలో ఏదీ దశాంశంలో ఒదగదు.

ముస్లిం కుటుంబాల్లో పంపకం ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. సున్నీ న్యాయశాస్త్రంలో పేరుమోసిన లెక్క ఒకటుంది. చనిపోయిన వ్యక్తికి భార్య, తల్లి, తండ్రి, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. భార్యకు ఎనిమిదో వంతు, తల్లికీ తండ్రికీ చెరో ఆరో వంతు, కూతుళ్లిద్దరికీ కలిపి మూడింట రెండు వంతులు. 24 హారంతో రాస్తే 3, 4, 4, 16. కలిపితే 27. ఉన్న ఆస్తి కంటే వాటాలు ఎక్కువయ్యాయి. శాస్త్రం చెప్పే పరిష్కారం హారాన్నే 27కి పెంచడం. భార్య వాటా 3/27, అంటే తొమ్మిదో వంతు అవుతుంది. ఆస్తి తొమ్మిది లక్షలైతే ఆమెకు సరిగ్గా లక్ష.

దీన్నే రెండు దశాంశ స్థానాలకు సవరించిన సంఖ్యలతో ఒక ఎక్సెల్ షీటులో వేసి చూడండి. 0.13, 0.17, 0.17, 0.67. మొత్తం 1.14. దానితో భాగించి పంచితే భార్యకు 1,02,632 రూపాయలు, తల్లికీ తండ్రికీ చెరో 1,34,211 రూపాయలు, కూతుళ్లిద్దరికీ కలిపి 5,28,947 రూపాయలు. కూతుళ్లకు రావాల్సింది 5,33,333. నాలుగు వేల మూడు వందల ఎనభై ఆరు రూపాయలు వాళ్ల చేతి నుంచి జారిపోయాయి. మొత్తం కూడితే మాత్రం రూపాయి అటూ ఇటూగా తొమ్మిది లక్షలే వస్తుంది. పద్దు కుదిరింది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. తొమ్మిదో శతాబ్దిలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ బీజగణితం మీద పుస్తకం రాస్తూ అందులో పెద్ద భాగాన్ని వారసత్వపు పంపకాలకే కేటాయించాడు. అల్గారిథమ్ అన్న మాట పుట్టిందే ఆయన పేరు నుంచి.

మధ్యలో తెగ్గొట్టడం వల్ల పెద్ద సంస్థలూ దెబ్బతిన్నాయి. కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్చేంజి 1982లో వెయ్యి పాయింట్లతో ఒక సూచీ మొదలుపెట్టింది. ప్రతి లావాదేవీకీ దాన్ని తిరగ లెక్కించి మూడు దశాంశాల తర్వాతివి కొట్టేసేవారు. మార్కెట్ బాగానే ఉన్నా 1983 నవంబరుకు సూచీ 524కి దిగజారింది. సరిగ్గా లెక్కవేస్తే 1098 దాటాలి.

దీనికి ఎదురు వాదనలున్నాయి, వాటిలో బలమున్నవీ ఉన్నాయి. భిన్నాలు కలుపుకుంటూ పోతే హారాలు పెరిగిపోతాయి, లెక్క నెమ్మదిస్తుంది. నిజమే. కానీ ఒక ఇంటి ఆస్తి నాలుగు తరాల్లో ముగ్గురికి, నలుగురికి, ఐదుగురికి, ఏడుగురికి పంచుకున్నా హారం 420. దాన్ని మోయడానికి సెల్‌ఫోను చాలు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు ఇంకో దారి చెబుతారు: బరువును మిల్లీగ్రాముల్లో, డబ్బును పైసల్లో పూర్ణాంకాలుగా దాచితే చాలు కదా అని. అంగడికి అది చాలా మంచి పద్ధతి, ఫ్లోట్ కంటే వెయ్యి రెట్లు నయం. క్యారెట్ దగ్గర ఒక్కచోట 11, 12 అని రెండు పూర్ణాంకాలు పెట్టుకుంటే చిక్కే ఉండదు.

భిన్నాల మీద మోజుతో వాటిని అన్నిచోట్లా అతికించడమూ తప్పే. గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. దాన్ని 537/20 అని రాస్తే నవ్వుతారు. రోజుకు ఒక టీఎంసీ పారాలంటే సెకనుకు 11,574 ఘనపుటడుగులని రాయలసీమ నీటి చర్చల్లో తరచూ వినబడుతుంది. కచ్చితమైన విలువ 312500/27. సవరించిన అంకె వల్ల రోజుకు 6,400 ఘనపుటడుగులు, అంటే లక్షా ఎనభై వేల లీటర్లు తగ్గుతాయి. వినడానికి చాలానే అనిపిస్తుంది. కానీ కాలువ దగ్గర గేజీ చూసి చెప్పే ప్రవాహంలో ఉండే తేడా అంతకు ఎన్నో రెట్లు. పులివెందులకు నీళ్లిచ్చే చిత్రావతి జలాశయంలో ఎంత నీరుందో, ఎంత పూడిక చేరిందో చెప్పేది కొలత. కొలతకు దశాంశమే తగిన బట్ట, ఫ్లోట్ దానికోసమే పుట్టింది. నీళ్లలో ఏ ప్రాంతానికి ఎన్నో వంతు అన్నది మాత్రం ఒప్పందం. అది కొలత పక్క కాదు, వాటా పక్క.

ప్రోగ్రామింగ్ భాషలు రాసినవాళ్లు ఈ తేడాను చాలా కాలం కిందటే గుర్తించారు. కామన్ లిస్ప్‌లో రేషనల్ అని ఒక ఆదేశం, రేషనలైజ్ అని ఇంకో ఆదేశం. మొదటిది యంత్రం దాచుకున్నదాన్ని ఉన్నదున్నట్టు చెబుతుంది, రెండోది మనిషి ఉద్దేశించి ఉండగల సులువైన భిన్నాన్ని ఊహిస్తుంది. పైథాన్‌లోనూ 0.1 అని అంకెగా ఇస్తే పదిహేడంకెల హారం వస్తుంది, అదే 0.1ను ఉల్లేఖన చిహ్నాల మధ్య పెట్టి అక్షరాలుగా ఇస్తే 1/10 వస్తుంది. ఈ రెండింటి తేడా అర్థం కావడానికి పావుగంట చాలు.

ఆ పావుగంటను ఈ జిల్లా కళాశాలల్లో మొదటి సంవత్సరం ల్యాబులోనే పెట్టవచ్చు. ఫిబొనాచీ వరస, ప్రధాన సంఖ్యలు ఎలాగూ ప్రతి రికార్డు పుస్తకంలో ఉంటాయి. వాటి పక్కన హాల్‌మార్క్ ముద్ర నుంచి క్యారెట్ కనుక్కోవడం, 27 హారంతో ఆస్తి పంచడం అన్న రెండు అభ్యాసాలు చేరితే ప్రొద్దుటూరు పిల్లలకు అవి ఇంటి దగ్గరి లెక్కల్లాగే ఉంటాయి. రెవెన్యూ ఆఫీసు వైపు చేయాల్సింది కూడా ఖర్చులేని పనే. విస్తీర్ణం రాసే గడి పక్కన లవానికొకటి, హారానికొకటి రెండు చిన్న గడులు కావాలి. అందరి వాటాలూ కలిపితే సరిగ్గా ఒకటి కాకపోతే ఎంట్రీ ముందుకు పోకూడదు. సెంట్లలోకి మార్చినప్పుడు మిగిలిపోయే ఆఖరి సెంటు ఎవరి పేరు మీద ఎక్కాలో, ఏ నియమం ప్రకారం ఎక్కించారో అదే పత్రంలో ఒక వాక్యం రాసి సంతకాలు తీసుకోవాలి.